మా డ్రైవర్ బైకును గుద్దితే నోటీసు నాకెందుకు వచ్చింది?

సిమెంట్_శీను, మిర్యాలగూడ

అందరికీ నమస్కారం. మాది సిమెంటు, ఐరన్ కొట్టు. సరుకు దింపడానికి ఒక టాటా ఏస్ ఉంది, ఆర్సీ నా పేరు మీదే. దసరాకి ముందు మా డ్రైవర్ ఒక ఊళ్ళో పదిహేను బస్తాలు దింపాడు. సీదా కొట్టుకి రాకుండా పక్క ఊళ్ళో వాళ్ళ అక్క ఇంటికి అన్నానికి వెళ్ళాడు. తిరిగొస్తుంటే కాల్వకట్ట మలుపులో ఎదురుగా వస్తున్న బైకును గుద్దాడు. బైకు మీద ఉన్నాయన తాపీ మేస్త్రి. కుడి తొడ ఎముక విరిగింది, రాడ్డు వేశారు.

పోలీసులు కేసు డ్రైవర్ మీదే పెట్టారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నుంచి నోటీసు వచ్చింది. అందులో ప్రతివాదులు ముగ్గురం: డ్రైవర్ ఆర్1, నేను ఆర్2, ఇన్సూరెన్స్ కంపెనీ ఆర్3. పదిహేను లక్షలు అడుగుతున్నారు.

సరుకు దిగగానే బండి కొట్టుకి రావాలి, సొంత పనులకి వాడొద్దు అని వాడికి వంద సార్లు చెప్పాను. కొట్టులో గోడ మీద బోర్డు కూడా రాయించాను. నేను బండిలో లేను, వాడు వెళ్ళింది వాడి అన్నానికి. నేనెందుకు కట్టాలి? మా బావమరిది అయితే "ఆ టైములో వాడు నా పని మీద లేడు అని కౌంటర్ (కోర్టుకి జవాబు) వేసెయ్ బావా, బయటపడతావు" అంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

తెనాలి_తంబి

ఆర్సీ ఎవరి పేరున ఉంటే వాయింపు వాళ్ళకే శీనన్నా. ఇందులో చర్చేముంది.

బ్యాటరీ_బాబ్జీ, కాకినాడ

ఇదెక్కడి న్యాయమండీ. నా దగ్గరా ముగ్గురు కుర్రాళ్ళున్నారు, ఇన్వర్టర్లు బిగించడానికి ఇళ్ళకి పంపుతుంటాను. దారిలో వాళ్ళు చేసేవన్నీ నా నెత్తినేనా? ఉద్యోగం ఇచ్చిన పాపానికి ఇల్లు అమ్ముకోవాలా? గుద్దినవాడు ఒకడు, కట్టేవాడు ఇంకొకడు. ఇలాగైతే పనివాళ్ళని పెట్టుకునేదెవరు?

వకీలు_గుంటూరు

శీను గారూ, కంగారు పడకండి. ఎం.వి.ఓ.పి. (బండి ప్రమాదాల పరిహారం పిటిషన్) నోటీసు అంటే రేపే డబ్బు కట్టమని కాదు, వచ్చి మీ మాట చెప్పమని. మీ బావమరిది సలహా మాత్రం పక్కన పెట్టండి. ఎందుకో కింద చెప్తాను.

బాబ్జీ గారి కోపం అర్థమైంది. కానీ ఈ సూత్రం ఇప్పటిది కాదు. పనిలో ఉన్న మనిషి అజాగ్రత్త వల్ల బయటివాళ్ళకి నష్టం జరిగితే, పని చేయించుకునేవాడూ బాధ్యుడే. ఇంగ్లండు కోర్టులు దీన్ని తీర్పుల్లోనే పెంచాయి, మన కోర్టులూ అలాగే తీసుకున్నాయి. యజమాని తప్పు చేశాడా లేదా అని ఎవరూ అడగరు. ఆ సమయంలో పనివాడు ఎవరి పని మీద ఉన్నాడు? అంతే.

ఇక మీ బోర్డు సంగతి. 1862లో లండన్‌లో ఒక గుర్రపు బస్సు కంపెనీ తన డ్రైవర్లకి కార్డులిచ్చింది, వేరే కంపెనీ బస్సులతో పందెం వద్దు, దారికి అడ్డం పడొద్దు అని. ఒక డ్రైవర్ సరిగ్గా అదే చేసి పోటీ బస్సును బోల్తా కొట్టించాడు. కంపెనీ కోర్టులో ఆ కార్డు చూపించింది. పనికిరాలేదు. పని ఎలా చెయ్యకూడదో చెప్పినంత మాత్రాన, చెయ్యకూడని తీరులో చేసిన పని మీ పని కాకుండా పోదు అన్నారు.

మీ డ్రైవర్ భోజనం కేసుకి ఇంకా దగ్గరిది 1834 నాటిది. యజమాని బండి తోలుతున్నవాడు మధ్యలో స్నేహితుణ్ణి చూడ్డానికి దారి మళ్ళాడని వాదన వచ్చింది. అప్పుడు జడ్జి చెప్పిందే ఇవాళ్టికీ కొలబద్ద. యజమాని పని మీద బయల్దేరి, చెప్పిన దారి కాకుండా పక్కకి పోయినా యజమానే బాధ్యుడు. యజమాని పనితో ఏ సంబంధమూ లేకుండా పూర్తిగా సొంత షికారుకి పోతే కాదు. మీవాడు బస్తాలు దింపాడు, మధ్యాహ్నం అన్నం తిన్నాడు, బండిని కొట్టుకి తెస్తున్నాడు. దీన్ని ఏ ట్రిబ్యునలూ షికారు అనదు.

ఇప్పుడు బావమరిది గారి సలహా. ఇన్సూరెన్స్ కంపెనీ కట్టేది మీ తరఫున. మీకు బాధ్యత ఉంటేనే వాళ్ళకి బాధ్యత. మీరే వెళ్ళి "వాడు నా పని మీద లేడు, నాకు సంబంధం లేదు" అని రాసిస్తే ఆర్3 లాయరు మిమ్మల్ని క్యాంటీన్‌కి తీసుకెళ్ళి కాఫీ ఇప్పిస్తాడు. మీ వాదన నెగ్గితే లాభం వాళ్ళది, ఆ మేస్త్రికి మిగిలేది మీ డ్రైవర్ ఒక్కడే. నెగ్గకపోతే, బండి అనుమతి లేకుండా వాడారని మీరే ఒప్పుకున్న కాగితం పట్టుకుని కొర్రీలు పెడతారు. ప్రీమియం కట్టింది దేనికి మరి? "బండి నాది, డ్రైవర్ నావాడే, లైసెన్స్ ఉంది, ప్రమాదం రోజుకి పాలసీ అమల్లో ఉంది. పరిహారం ఏదైనా తేలితే ఆర్3 కట్టాలి" అన్నది మీ కౌంటర్లో ఉండాల్సిన మాట.

లా_సెకండియర్, వరంగల్

వకీలు గారూ, చిన్న సందేహం. 1966లో సీతారాం మోతీలాల్ కేసులో సుప్రీంకోర్టు ఓనర్‌ని వదిలేసింది కదా? మాకు క్లాసులో అదే చెప్పారు.

వకీలు_గుంటూరు

వదిలేసింది, నిజమే. అది అహ్మదాబాద్ టాక్సీ కేసు. ఓనర్ టాక్సీని డ్రైవర్‌కి అప్పగించాడు. డ్రైవర్ క్లీనర్‌కి బండి నేర్పి, లైసెన్స్ పరీక్షకి వెళ్ళడానికి టాక్సీనే ఇచ్చేశాడు. ఆ క్లీనర్ నడుపుతుండగా ప్రమాదం. క్లీనర్‌కి డ్రైవింగ్ నేర్పడం ఓనర్ పనిలో భాగం కాదని మెజారిటీ జడ్జిలు అన్నారు. సుబ్బారావు గారు ఒక్కరే ఓనర్ బాధ్యుడని వేరే తీర్పు రాశారు.

కానీ తర్వాత గాలి అటు వీచలేదు. 1977లో పుష్పాబాయి కేసు. కంపెనీ మేనేజరు కంపెనీ కారులో పని మీద పోతూ తెలిసినాయనకి లిఫ్ట్ ఇచ్చాడు, కారు చెట్టుకి గుద్దుకుని లిఫ్ట్ ఎక్కినాయన పోయాడు. కంపెనీయే కట్టాలన్నారు. 1995లో మహారాష్ట్ర సర్కారు జీపు కేసు. డ్రైవర్ తాగి ఉంటే స్టీరింగు గుమాస్తా పట్టుకున్నాడు. డ్యూటీ డ్రైవర్ కాకపోయినా ప్రభుత్వానిదే బాధ్యత అన్నారు. పరీక్షలో సీతారాం రాయి తమ్ముడూ, మార్కులొస్తాయి. ట్రిబ్యునల్లో దాన్ని నమ్ముకుని కూర్చోకు.

రిటైర్డ్_డిపో, కరీంనగర్

నేను ఆర్టీసీలో క్లెయిమ్స్ సెక్షన్లో చాలాకాలం చేశాను. శీను గారికి కనీసం ఇన్సూరెన్స్ ఉంది. ఆర్టీసీలకి ఆ వెసులుబాటు వేరే రకం. సొంత నిధి పెట్టుకుంటే బస్సులకి బీమా చేయించనక్కర్లేదని మోటారు వాహనాల చట్టంలోనే మినహాయింపు ఉంది. అంటే డ్రైవర్ గుద్దితే కట్టేది సంస్థే, నేరుగా. డబ్బు టైముకి కట్టకపోతే కోర్టు అమీనా బస్టాండుకి వచ్చి ప్లాట్‌ఫామ్ మీద ఉన్న బస్సుకి జప్తు కాగితం అతికించిన వార్తలు మీరంతా జిల్లా పేపర్లో చూసే ఉంటారు. ప్రయాణికులు సంచులు పట్టుకుని దిగడం, డిపో మేనేజరు పరిగెత్తుకుని రావడం, అదొక తంతు.

అసలు తలనొప్పి అద్దె బస్సులతో. బస్సు ప్రైవేటు ఓనర్‌ది, డ్రైవర్ జీతం ఇచ్చేది ఆయనే, కండక్టరు మావాడు, రూటు మాది, టికెట్టు మాది. గుద్దితే ఎవరు? ఓనర్ మమ్మల్ని చూపిస్తాడు, మేము ఓనర్ని చూపిస్తాం. 1997లో రాజస్థాన్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు ఈ ఆట కట్టించింది. బస్సు ఎవరి అదుపులో నడుస్తోందో వాళ్ళూ బాధ్యులే, అగ్రిమెంట్లో మీరు మీరు ఏం రాసుకున్నారో దెబ్బతిన్నవాడికి అనవసరం అంది. 2011లో యూపీ కేసులో, అద్దె బస్సుకి ఓనర్ తీసుకున్న బీమా కంపెనీ కూడా తప్పించుకోలేదని తేల్చింది.

అపార్ట్‌మెంట్_సెక్రటరీ, మియాపూర్

మంచి టైములో వచ్చాను. మా బిల్డింగ్‌కి రంగులు వేయించాలి. కాంట్రాక్టరుకి ఇస్తే అతని మనుషులు కింద ఎవరి కారు మీదైనా డబ్బా పడేస్తే మాకు సంబంధం ఉండదు కదా?

వకీలు_గుంటూరు

మామూలుగా ఉండదు. ఎలా చెయ్యాలో తనే నిర్ణయించుకుని పని పూర్తిచేసి ఇచ్చే కాంట్రాక్టరు తప్పుకి, పని ఇచ్చినవాడు బాధ్యుడు కాడు. కానీ మీరే రోజూ కింద నిలబడి "ఆ తాడు అక్కడ కట్టు, ఈ గోడ ముందు వెయ్యి" అని నడిపిస్తుంటే కథ మారుతుంది. పనివాడే పడి దెబ్బలు తగిలించుకుంటే అది వేరే లెక్క. వ్యాపారం చేసేవాడు తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకి ఇస్తే ఆ కూలీల పరిహారం ముందు అసలు యజమాని నుంచే వసూలు చేసేలా 1923 నాటి చట్టంలోనే పెట్టారు. ఇల్లు కట్టించుకునేవాడికి, ఫ్యాక్టరీ ఓనర్‌కి అక్కడ తేడా ఉంది. ఏదైనా సరే, కాంట్రాక్టరు తన మనుషులకి పాలసీ చేయించాడా అని అడిగి కాపీ తీసుకోండి.

పెట్రోల్_పోటు, రాజమండ్రి

నాది చిన్న బాధ. ఒక బంకులో కుర్రాడు ఫోన్లో మాట్లాడుతూ నా డీజిల్ కారులో పెట్రోలు కొట్టాడు. మేనేజరు వచ్చి "కొత్తగా చేరాడు సార్, వాడి జీతంలోంచి ఇప్పిస్తా" అన్నాడు. టో ఖర్చు, ట్యాంకు కడగడం, ఫిల్టరు, ఇంజెక్టర్లు, బిల్లు చూస్తే వాడి జీతం ఎన్ని నెలలది కావాలో!

తెనాలి_తంబి

వాడి పెళ్ళయ్యేదాకా ఆగండి, కట్నంలో ఇప్పిస్తాడు 😀

వకీలు_గుంటూరు

పోటు గారూ, కుర్రాడి పేరు కూడా మీకు అనవసరం. మీకు ఆయిల్ అమ్మింది డీలరు. పెట్రోలు అని రాసున్న బిల్లు, మీ కారు డీజిల్ అని చూపించే ఆర్సీ, వర్క్‌షాపు జాబ్‌కార్డు, మూడూ జతచేసి డీలరుకి నోటీసు ఇవ్వండి. దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. సరుకుకి లేదా సేవకి ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వెయ్యాలి.

వాణి_హెచ్ఆర్, హైదరాబాద్

ఆ "జీతంలోంచి ఇప్పిస్తా" అన్నమాట మీద ఒక్క విషయం. మా దగ్గరా మేనేజర్లు ఇదే అంటుంటారు. నష్టం నేరుగా ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, కోసే ముందు అతని సంజాయిషీ వినాలి, జరిగిన నష్టం కంటే ఎక్కువ కోయకూడదు. 1936 వేతనాల చెల్లింపు చట్టం నుంచీ ఈ రూలు ఉంది. అన్ని కోతలూ కలిపినా మామూలుగా జీతంలో సగం దాటకూడదు. ఖాళీ కాగితం మీద సంతకం తీసుకుని నెలనెలా కోసుకోవడం కుదరదు. శీను గారూ, మీకూ ఆ ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

సిమెంట్_శీను, మిర్యాలగూడ

వాణి మేడమ్, నిజం చెప్పాలంటే ఆలోచన ఉంది. వాడి జీతం సగం కోస్తే వాడింట్లో పొయ్యి వెలగదు, అదీ తెలుసు.

వకీలు సార్, ఇంకొన్ని విషయాలు రాయలేదు. మేస్త్రికి బైక్ లైసెన్స్ లేదట, అది మనకి పనికొస్తుందా? మా డ్రైవర్‌కి ఎల్ఎంవీ (తేలికపాటి బండి) లైసెన్స్ ఉంది కానీ ట్రాన్స్‌పోర్టు బ్యాడ్జి లేదు, దాంతో ఇన్సూరెన్స్ వాళ్ళు తప్పుకుంటారని కొట్టు ముందు అందరూ భయపెడుతున్నారు. ఇంకోటి, వెనక ట్రాలీలో మా హమాలీ, డ్రైవర్ మేనల్లుడు కూర్చుని ఉన్నారు. హమాలీకి చెయ్యి బెణికింది. పిల్లాడికి పన్నెండేళ్ళు, మోచెయ్యి విరిగింది. అక్క ఇంటి నుంచి బస్సెక్కే చోటు దాకా దింపుతానని ఎక్కించుకున్నాడట.

బ్యాటరీ_బాబ్జీ, కాకినాడ

చూశారా! ఆ పిల్లాణ్ణి ఎక్కించుకోమని శీను గారు చెప్పారా? ఇది కూడా ఆయన మీదేనా?

పెద్దకొడుకు, ఒంగోలు

బాబ్జీ గారూ, అవతలి వైపు నుంచి చెప్తాను. మా నాన్నని ఒక లారీ గుద్దింది. డ్రైవర్ గుడిసెలో ఉంటాడు, వాడి దగ్గర ఏం వసూలు చేస్తాం? ఆర్సీలో ఉన్నాయన "లారీ ఎప్పుడో అమ్మేశాను, నాకేం తెలీదు" అన్నాడు. కొన్నాయన "ఇంకా నా పేరు మీదకి మారలేదు" అన్నాడు. ఇన్సూరెన్స్ లేదు. అమ్మ మంగళగిరి చీరల మీద మగ్గం పని చేసి ఇల్లు నడిపింది, మేం వాయిదాలకి తిరిగాం. మీ ఇన్వర్టర్ కుర్రాడు రేపు ఎవరింట్లోనో వైరు తప్పు కలిపి మంట పెడితే, ఆ ఇంటివాళ్ళు రోజుకూలీ మీద బతికేవాడిని పట్టుకుని ఏడవాలా? పని వల్ల వచ్చే లాభం మీది. ఆ పని వల్ల వచ్చే నష్టం మాత్రం వీధిన పోయేవాడిదా?

వకీలు_గుంటూరు

పెద్దకొడుకు గారూ, అమ్మినా పేరు మారకపోతే ఆర్సీలో ఉన్నవాడే ఓనర్ అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బండి అమ్మి "ఫారాల మీద సంతకం పెట్టాను, ఇక అతని ఇష్టం" అనుకునేవాళ్ళు ఇది చదవాలి. బండి నాలుగు చేతులు మారినా నోటీసు రికార్డులో ఉన్నాయన ఇంటికే వస్తుంది.

శీను గారూ, ఒక్కొక్కటీ.

మేస్త్రికి లైసెన్స్ లేకపోతే పోలీసులు అతనికి చలానా రాసుకోవచ్చు. కానీ లైసెన్స్ లేనంత మాత్రాన ప్రమాదంలో అతని తప్పూ ఉన్నట్టు కాదని 2008లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. అతను రాంగ్ సైడ్‌లో వచ్చాడనో, మలుపులో ఓవర్‌టేక్ చేశాడనో సాక్ష్యం ఉంటే అది వేరు. మీరు చెప్పినదాన్ని బట్టి మలుపు కోసింది మీ బండే.

బ్యాడ్జి భయం వదిలెయ్యండి. 2024 నవంబర్ 6న అయిదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. ఎల్ఎంవీ లైసెన్స్ ఉన్నవాడు 7,500 కిలోల లోపు రవాణా బండి నడపడానికి లైసెన్స్ మీద వేరే ఎండార్స్‌మెంట్ (అంటే మీరన్న బ్యాడ్జి) అక్కర్లేదు. టాటా ఏస్ దాంట్లో ఏ మూలకి? ఆర్3 లాయరు ఈ పాయింటు ఇంకా ఎత్తితే ఈ తీర్పు ముందు పెట్టండి. లైసెన్స్ దొంగది అని తేలినా, పెట్టుకునేటప్పుడు మీరు చూసి, డ్రైవింగ్ తెలుసో లేదో కనుక్కుని పెట్టుకున్నారా అన్నదే చూస్తారు. ఓనర్ ఆర్టీవో ఆఫీసుల చుట్టూ తిరిగి విచారించనక్కర్లేదు. పాలసీ షరతు తప్పింది ఓనర్ వల్లే అని తేలినప్పుడు ముందు కంపెనీ బాధితుడికి కట్టి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకునే పద్ధతి ఉంది, 2004 స్వరణ్ సింగ్ తీర్పు నుంచి అది నడుస్తోంది.

హమాలీ మీ పనివాడే, సరుకు దింపడానికి బండిలో వెళ్ళాడు. పాలసీ షెడ్యూలు తీసి డ్రైవర్, కూలీలు కలిపి ఎంతమందికి ప్రీమియం కట్టారో చూడండి. అతని సంగతి అక్కడ తేలుతుంది.

ఇక పిల్లాడు. మీ కేసులో నిజంగా మీ జేబుకి తగిలేది ఇదే. సరుకు బండిలో ఉచితంగా ఎక్కినవాళ్ళకి ఇన్సూరెన్స్ బాధ్యత లేదని 2002లో ఆశారాణి కేసులో ముగ్గురు జడ్జిల బెంచ్ చెప్పింది. ట్రాలీల్లో పెళ్ళివాళ్ళనీ, జాతరకి పోయేవాళ్ళనీ ఎక్కించుకుని బోల్తా పడ్డ కేసులు మన రెండు రాష్ట్రాల్లో లెక్కలేనన్ని, వాటన్నిటిలో ఓనర్ గుండె గుభేల్‌మనేది ఇక్కడే. మీరు చెప్పలేదు నిజమే, కానీ పైన చెప్పిన పుష్పాబాయి కేసులో కంపెనీ కూడా లిఫ్ట్ ఇమ్మని చెప్పలేదు. ఒకవేళ ట్రిబ్యునల్ ముందు ఆర్3ని కట్టమన్నా, ఆ సొమ్ము తర్వాత మీ దగ్గర వసూలు చేసుకుంటారు.

లా_సెకండియర్, వరంగల్

పదిహేను లక్షలు ఎక్కువ కాదా సార్? కాలు తీసెయ్యలేదు కదా.

వకీలు_గుంటూరు

లెక్క వేసి చూద్దాం. మేస్త్రి వయసు 34 అనుకో, నెలకి 18,000 సంపాదన. నలభై లోపు సొంత సంపాదన ఉన్నవాడికి ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు, 25,200 అయింది. ఏడాదికి 3,02,400. ఆ వయసుకి సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులో ఇచ్చిన పట్టికలో గుణకం 16. మొత్తం 48,38,400. ఇప్పుడు అసలు గొడవ: అతని సంపాదన శక్తి ఎంత తగ్గింది? డాక్టరు సర్టిఫికెట్లో కాలికి ఎంత శాతం రాశారన్నది కాదు. చెయ్యి పోతే డ్రైవర్‌కో వడ్రంగికో దాదాపు సంపాదనంతా పోయినట్టే, అదే సర్కారు గుమాస్తాకి ఉద్యోగం ఉంటుంది. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టే ఈ తేడా చెప్పింది. తొడలో రాడ్డు ఉన్న మేస్త్రి పరంజా ఎక్కి నిలబడలేడు, గొంతుకూర్చుని గచ్చు చెయ్యలేడు. 30 శాతం అనుకున్నా 14,51,520. దీనికి ఆసుపత్రి బిల్లులు, నొప్పికి, పని లేకుండా మంచాన ఉన్న నెలలకి, పిటిషన్ తేదీ నుంచి వడ్డీ. పదిహేను అడగడం ఏమీ అత్యాశ కాదు. ఆదాయానికి కాగితం చూపించలేకపోతే తగ్గుతుంది, మేస్త్రులకి పే స్లిప్పులుండవు కాబట్టి అక్కడే ఆర్3 గట్టిగా పోట్లాడుతుంది.

నర్సు_రత్నం, విశాఖ

బళ్ళ కేసులే అనుకోకండి. ఆసుపత్రుల్లో కూడా ఇదే. 1998లో ఢిల్లీ ఆసుపత్రి కేసు మాకు ట్రైనింగులో చెప్పారు. పిల్లాడికి నర్సు ఒక ఇంజెక్షన్ బదులు ఇంకోటి ఇచ్చింది, మెదడు దెబ్బతింది. ఆసుపత్రి పిల్లాడికి, తల్లిదండ్రులకి కలిపి 17.5 లక్షలు కట్టాల్సి వచ్చింది. నాకు అందులో బాధ కలిగించేది వేరే. వార్డులో ముప్పై మందికి ఇద్దరం ఉంటాం, రాత్రి డ్యూటీలో ఒక్కోసారి ఒక్కరమే. డబ్బు కట్టేది ఆసుపత్రే అయినా, కేసు పడగానే ఉద్యోగం పోయేది మాకే.

వకీలు_గుంటూరు

రత్నం గారూ, మీరన్న కేసులోనే ఒక పాయింటు ఉంది, నర్సు మీదకి తోసేసి ఆసుపత్రి చేతులు దులుపుకోలేదని. 2004లో సవితా గార్గ్ కేసులో ఇంకో మెట్టు ఎక్కారు. విజిటింగ్ డాక్టరు మా ఉద్యోగి కాదు అని ఆసుపత్రి అంటే, అతన్ని పిలిపించింది మీరేగా అన్నారు. 2009లో మన హైదరాబాద్ నిమ్స్ కేసులో, ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిపోయిన ఇంజినీరుకి కోటి రూపాయలు ఇమ్మన్నారు. ఆయన తన కేసు తనే వీల్‌చైర్‌లో కూర్చుని వాదించుకున్నాడు.

రిటైర్డ్_డిపో, కరీంనగర్

మరి సర్కారు ఉద్యోగి తప్పు చేస్తే? కలెక్టరాఫీసు జీపు గుద్దితే కట్టరని మా చిన్నప్పుడు అనేవాళ్ళు.

వకీలు_గుంటూరు

ఆ మాటకి 1962లోనే కాలం చెల్లింది. ఉదయపూర్ కలెక్టరు జీపు రిపేరు షాపు నుంచి వస్తూ ఒకాయన్ని గుద్ది చంపితే రాజస్థాన్ ప్రభుత్వమే కట్టాల్సి వచ్చింది. మధ్యలో 1964లో కస్తూరీలాల్ కేసులో వెనక్కి పోయారు. పోలీసులు పట్టుకున్న బంగారం స్టేషన్లోంచి హెడ్ కానిస్టేబుల్ ఎత్తుకుపోతే, అది సార్వభౌమ అధికారం కింద చేసిన పని కాబట్టి ప్రభుత్వం కట్టనక్కర్లేదన్నారు. నా దృష్టిలో అది అన్యాయమైన తీర్పు.

దాన్ని వంచిన రెండు కేసులూ ఆంధ్రప్రదేశ్‌వే. ఒక ఎరువుల వ్యాపారి స్టాకు అధికారులు జప్తు చేసి, విడుదల చెయ్యమన్నాక కూడా అలక్ష్యం చేస్తే సరుకు పాడైపోయింది. నాగేంద్రరావు కేసులో 1994లో ప్రభుత్వం కట్టాల్సిందే అన్నారు. రెండోది కోవెలకుంట్ల సబ్‌జైలు. ప్రాణహాని ఉందని ముందే చెప్పినా కాపలా పెంచలేదు, 1977లో బాంబులేసి ఖైదీని చంపారు. కుటుంబానికి హైకోర్టు ఇచ్చిన 1,44,000 పరిహారాన్ని 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఇరవై మూడేళ్ళు.

బ్యాటరీ_బాబ్జీ, కాకినాడ

సరే, చట్టం అదే అనుకుందాం. ప్రమాదం సంగతి వదిలెయ్యండి, దొంగతనం చేస్తే? నా కుర్రాడు కస్టమర్ దగ్గర కొత్త బ్యాటరీకి అడ్వాన్సు తీసుకుని ఉడాయిస్తే?

వకీలు_గుంటూరు

మీ రసీదు పుస్తకం చూపించి మీ షాపు తరఫున తీసుకుంటే మీరే. అదే కస్టమరు పక్కింటివాడు కదా అని సొంత నమ్మకంతో చేతిలో పెడితే వేరు. 1978లో స్టేట్ బ్యాంకు కేసు ఇలాంటిదే. ఖాతాదారు ఇంటిదగ్గర తెలిసిన బ్యాంకు ఉద్యోగికి డబ్బూ చెక్కూ ఇచ్చి ఖాతాలో వెయ్యమన్నారు, అతను తినేశాడు. అతను అది బ్యాంకు ఉద్యోగిగా కాదు, తెలిసినవాడిగా తీసుకున్నాడని బ్యాంకుని వదిలేశారు. మీరు మాత్రం రసీదు పుస్తకాలు లెక్కపెట్టి ఇవ్వండి, షాపు క్యూఆర్ కోడ్ తప్ప దేనికీ డబ్బు పంపొద్దని బిల్లు మీదే అచ్చు వేయించండి.

సిమెంట్_శీను, మిర్యాలగూడ

వకీలు సార్, ఇక్కడ ఒక లాయర్‌ని కలిశాను, ఆయనా మీలాగే చెప్పారు. బావమరిదికి ఈ చర్చ చూపించాను, ఏం మాట్లాడలేదు. రెండు సందేహాలు. పెద్దమనుషులు మేస్త్రి వాళ్ళతో మాట్లాడి రెండు లక్షలకి రాజీ రాయించేద్దాం అంటున్నారు. రెండోది, నా మీద క్రిమినల్ కేసు ఏమైనా వస్తుందా?

వకీలు_గుంటూరు

క్రిమినల్ బాధ్యత గుద్దినవాడిది, మీకు అంటదు. మీవాడి మీద బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281, 125 సెక్షన్లు పెట్టి ఉంటారు. లైసెన్స్ లేనివాడికో మైనరుకో తెలిసి బండి ఇస్తేనే ఓనర్‌కి చిక్కు.

ఊళ్ళో రాసుకున్న రాజీ కాగితం ట్రిబ్యునల్ని ఆపదు. రెండు లక్షలూ పోతాయి, కేసూ నడుస్తుంది. పైగా కంపెనీకి చెప్పకుండా తప్పు ఒప్పుకుంటూ రాసివ్వకూడదని మీ పాలసీలోనే షరతు ఉంటుంది. రాజీ కావాలంటే లోక్ అదాలత్‌లో, ఆర్3 కూడా కూర్చున్నప్పుడు. మీ ఆర్3 లాయరు మొదటి రెండు వాయిదాల్లోనే ఎంతవరకు ఇస్తారో చెప్పేస్తాడు.

మొదటి వాయిదాకి తప్పకుండా వెళ్ళండి. నోటీసు తీసుకుని రాకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడుపుతారు, ఆ తర్వాత మీ తరఫున లైసెన్స్ కాపీ పెట్టేవాడు కూడా ఉండడు. ఆర్సీ, ప్రమాదం తేదీకి అమల్లో ఉన్న పాలసీ, ఫిట్‌నెస్, పర్మిట్, డ్రైవర్ లైసెన్స్ రెండు వైపులా జిరాక్సు, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) రిపోర్టు, మీరు ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రమాదం గురించి తెలియజేసిన కాగితం.

సిమెంట్_శీను, మిర్యాలగూడ

తెలియజేయలేదు సార్. బండి విడిపించుకునే హడావిడిలో ఎవరూ చెప్పలేదు.

వకీలు_గుంటూరు

ఇవాళే రాయండి, స్పీడ్ పోస్టులో, నోటీసు కాపీ జతచేసి. ఆలస్యమైనంత మాత్రాన మేస్త్రికి కట్టాల్సిన బాధ్యత వాళ్ళకి పోదు.

ఆ పిల్లాడి వాళ్ళు ఇంకా పిటిషన్ వెయ్యలేదంటే, మోచెయ్యి బిల్లులు మీరూ డ్రైవరూ కలిసి ఆసుపత్రికే నేరుగా కట్టండి, రసీదులు మీ దగ్గర పెట్టుకోండి. అడిగినా అడక్కపోయినా పిల్లాడి ఫిజియోథెరపీ ఎంతవరకు వచ్చిందో కనుక్కుంటూ ఉండండి, ఆ వయసులో మోచెయ్యి సరిగ్గా అతకకపోతే వంకర పోతుంది.

నర్సు_రత్నం, విశాఖ

కట్టు విప్పాక చెయ్యి పూర్తిగా చాచగలుగుతున్నాడా చూడండి శీను గారూ. లేకపోతే ఆలస్యం చెయ్యకుండా ఎముకల డాక్టరుకి మళ్ళీ చూపించండి.